పేరులేని బటన్లు

సాలమోను రోజూ ఉదయం ఎనిమిదింటికి శివకోడులో బస్సెక్కుతాడు. బోడసకుర్రు వంతెన మీదికి రాగానే వైనతేయ నది గాలి కిటికీలోంచి ఒక్కసారిగా మొహానికి తగులుతుంది. అప్పుడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి సంచిలో వేసుకుంటాడు. ఇక అమలాపురం దగ్గరికొచ్చిందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. గడియార స్తంభం సెంటర్లో దిగి, తెల్లకర్ర విప్పుకుని, మందుల షాపు పక్కనున్న ఇరవై రెండు మెట్లెక్కి ఆఫీసులో కూర్చుంటాడు.

తండ్రి దేవదానం కొబ్బరి దింపు కూలీ. పిల్లవాడికి చీకటి పడితే దారి కనపడటం లేదని తల్లి సువార్తమ్మ కనిపెట్టేసరికి అతనికి ఏడేళ్ళు. రేచీకటి అన్నారు, ఆకుకూరలు పెట్టమన్నారు. అది ఆకుకూరలతో పోయే జబ్బు కాదని, కంటి వెనక పొరే ఎండిపోతోందని కాకినాడలో పెద్ద డాక్టరు చెప్పేనాటికి సాలమోను పదో తరగతి. డిగ్రీ రెండో ఏడాదిలో పుస్తకం మీద అక్షరం పోయింది. మూడో ఏడాది పరీక్షలు పక్కనొకరు రాస్తుంటే చెప్పి గట్టెక్కాడు. తర్వాత విశాఖపట్నం వెళ్ళి, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాముతో కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఆ గొంతు మామూలు మనిషి మాటకి మూడింతల వేగంతో చదువుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి తేనెటీగల రొద లాగా ఉంటుంది గానీ, సాలమోనుకి ఒక్క ముక్క పోదు.

ఆఫీసు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారిది. ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసి, ఆరుగురిని పెట్టుకుని, డయాలసిస్ కేంద్రాల కోసం ఒక వెబ్ అప్లికేషన్ నడుపుతున్నారాయన. చుట్టుపక్కల ఏడు కేంద్రాలు దాన్ని వాడుకుంటున్నాయి. ఏ రోజు ఏ మంచం ఎవరిదో అందులోనే ఉంటుంది. ఫోన్లో చూసుకోగలిగిన వాళ్ళు తమ వంతు తామే తీసుకుంటారు. చేతకానివాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేస్తే సాలమోను వాళ్ళ తరఫున ఆ పని చేసిపెడతాడు. ఆరేళ్ళ నుంచీ అదే అతని ఉద్యోగం. ఫోనెత్తగానే చాలామంది పేరు చెప్పకముందే అతను వాళ్ళని పేరుపెట్టి పలకరిస్తాడు.

కిందటేడు ఆగస్టులో ఒక గురువారం పొద్దున్న పదింటికి ఎలీసమ్మగారు ఫోన్ చేసింది. మలికిపురం అవతల ఊరు ఆమెది. అరవై దాటాయి. సోమ, బుధ, శనివారాలు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆ బుధవారం మేనకోడలికి ప్రధానం ఉందని, తన వంతు గురువారానికి మార్చమని మంగళవారం ఫోన్లో అడిగింది. సాలమోనే మార్చాడు.

"బాబూ, ఇక్కడికొత్తే నా పేరే లేదంటన్నారు," అంది ఎలీసమ్మ. మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినపడుతోంది. సోమవారం తర్వాత ఆమెకి డయాలసిస్ లేదు. కాళ్ళు పొంగాయని, చెప్పులు పట్టడం లేదని చెప్పింది.

సాలమోను వెతికాడు. గురువారంలో ఆమె పేరు లేదు. బుధవారంలోనూ లేదు. కేంద్రం వాళ్ళకి ఫోన్ చేసి బతిమాలితే, సాయంత్రం నాలుగింటికి ఒక మంచం ఖాళీ అవుతుందని, అందాకా అక్కడే పడుకోబెడతామని ఒప్పుకున్నారు. ఆ నాలుగయ్యేదాకా అతను నాలుగుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాడు. క్యారేజీ విప్పలేదు.

జరిగిందేమిటో మధ్యాహ్నానికి మాధవీలత తేల్చింది. ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ళలో పెద్దది ఆవిడే, ముమ్మిడివరం అమ్మాయి. కిందటి వారం చేసిన ఒక మార్పులో పొరపాటు దొర్లింది. వంతు ఒకరోజు నుంచి ఇంకో రోజుకి మార్చమంటే, ప్రోగ్రాము ముందు పాత వంతు తీసేసి, ఆ తర్వాత కొత్తది దొరుకుతుందేమో చూస్తోంది. సాలమోను మార్చిన క్షణంలోనే గురువారం మిగిలున్న ఒక్క చోటునీ మరెవరో తీసుకున్నారు. పాతది పోయింది, కొత్తది రాలేదు. 'మార్చడం కుదరలేదు' అని తెర పైభాగాన ఎర్రక్షరాలతో వచ్చి, అయిదు సెకన్లుండి పోయింది. ఆ ఎర్రక్షరాలను స్క్రీన్ రీడర్ చదవలేదు.

అందరూ తప్పు ప్రోగ్రాముదే అన్నారు. సాలమోనుకి అది సరిపోలేదు. మర్నాడు తనంతట తనే ఎలీసమ్మకి ఫోన్ చేశాడు.

"ఆ రోజు మార్చింది నేనేనండి. అయ్యిందో లేదో మళ్ళీ ఒకసారి చూడలేదు."

ఎలీసమ్మ కోపం లేకుండానే అంది: "సూసుకోవాల గదా బాబూ."

అతనికి కళ్ళు లేవని ఆమెకి తెలియదు. ఫోన్లో మాట్లాడేవాళ్ళకి ఎవరికీ తెలియదు. చెప్పాలని కూడా అతనికి అనిపించలేదు.

"ఆయ్. చూసుకోవాలండి," అన్నాడు.

ఆ వారమే రావుగారు అందరినీ కూర్చోబెట్టారు. అప్పటిదాకా కొత్త మార్పు చేసినప్పుడల్లా మాధవీలతా ఇంకొకరూ చేత్తో నాలుగు బటన్లు నొక్కి చూసి, బాగానే ఉందనుకుని కేంద్రాలకి పంపేసేవారు. తీరిక లేకపోతే అదీ పైపైనే. ఇక అలా కుదరదు, పరీక్షలన్నీ ఒక ప్రోగ్రామే చేసేలా పెడదామని మాధవీలత చెప్పింది. ఆ ప్రోగ్రాము తనే బ్రౌజర్ తెరుస్తుంది, మనిషిలాగే ఒక్కొక్క బటనూ నొక్కుతుంది, రావలసిన జవాబు వచ్చిందో లేదో చూస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ ఈ పరీక్షలన్నీ నెగ్గితేనే అది కేంద్రాలకి వెళుతుంది. ఒక్కటి తప్పినా ఆగిపోతుంది. రావుగారు సరేనన్నారు.

మూడు వారాల్లో ఆవిడ నలభై పరీక్షలు రాసింది. పేరు నమోదు చేయడం, వంతు తీసుకోవడం, రద్దు చేయడం, అన్నీ. మొదటి వారం ముచ్చటగా సాగింది. రెండో వారంలో ఎవరో తెర మీద బటన్ల వరస కొంచెం అటూ ఇటూ జరిపితే, పరీక్షల్లో సగం తప్పాయి. అప్లికేషన్లో మాత్రం తప్పేమీ లేదు. ఆవిడ కూర్చుని అన్నీ సరిచేసింది. నాలుగు రోజులకి తెర మీద ఒక కొత్త పెట్టె చేర్చితే మళ్ళీ పద్దెనిమిది తప్పాయి. నెల తిరిగేసరికి పరీక్ష తప్పిందనే ఎర్రగుర్తు కనపడితే ఎవరూ లెక్కచేయడం మానేశారు. అది ఎప్పుడూ అంతేలెండి అని దాటేసి, మార్పులు పంపేస్తున్నారు. పోనీ దీన్ని కొన్నాళ్ళు పక్కన పెడదామా అని రావుగారు మెత్తగా అడిగారు. మాధవీలత తప్పిన పరీక్షల జాబితా మళ్ళీ తెరిచింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర సాలమోను ఆవిణ్ణి ఒక సంగతి అడిగాడు. తెర మీద నొక్కాల్సిన బటన్ ఏదో మీ పరీక్షకి ఎలా తెలుస్తుందండీ అని.

చోటును బట్టి అని చెప్పిందావిడ. పైనుంచి రెండో పెట్టెలో ఎడమ నుంచి మూడోది అని రాస్తే, వెళ్ళి దాన్ని నొక్కుతుంది.

సాలమోను పెరుగన్నం కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. "మరి నేనూ అంతేనండి," అన్నాడు.

అతను దాన్ని నవ్వుతూనే అన్నాడు గానీ ఆవిడకి అర్థం కాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆవిణ్ణి తన కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాడు. చదివే వేగం బాగా తగ్గించి, హెడ్‌ఫోన్లు ఆవిడ చేతికిచ్చి, తెర ఆపేసి, ఎలీసమ్మగారి వంతు శనివారం నుంచి ఆదివారానికి మార్చి చూడమన్నాడు. నిజం మార్పు కాదు, పరీక్ష కోసం పెట్టుకున్న నకలులోనే.

మాధవీలత ట్యాబ్ మీట నొక్కుకుంటూ పోయింది. ఎలీసమ్మ, అరవై మూడు, శనివారం, ఉదయం. దాని తర్వాత చెవిలో: బటన్. బటన్. బటన్. బటన్. బటన్. ఆ అయిదింటికీ ఆవిడే బొమ్మలు గీయించింది. కన్ను, ప్రింటరు, బాణం, ఫోను, ఇంటూ గుర్తు. చూసేవాళ్ళకి చక్కగా తెలుస్తాయి. వాటికి అక్షరాల్లో పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు. ఏది నొక్కాలో తేల్చుకోలేక ఆవిడ హెడ్‌ఫోన్లు తీసేసింది.

"మూడోది మార్చడం, అయిదోది రద్దు," అన్నాడు సాలమోను. "మీరు వరస మార్చినప్పుడల్లా ఒక రోజు నకలులో తడుముకుని, మళ్ళీ లెక్కపెట్టుకుంటానండి."

ఆరేళ్ళుగా ఇలాగే చేస్తున్నారా, మరి ఒక్కసారీ చెప్పలేదేమని ఆవిడ అడిగింది. తన ఇబ్బంది తనదే అనుకున్నానని చెప్పాడు. ఇలాంటి చోట ఉద్యోగం దొరకడమే గొప్ప, మళ్ళీ ఇది కావాలి అది కావాలి అని అడగడం దేనికని ఊరుకున్నాడు. అది నిజమే. కానీ ఆ మాట పైకి అంటున్నప్పుడు, ఊరుకోవడం వల్ల ఎలీసమ్మగారు తిన్న దెబ్బ కూడా గుర్తొచ్చి అతని గొంతు తగ్గింది.

ఆవిడ ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. రెండు వారాలపాటు ఇద్దరూ కలిసి అప్లికేషన్లో ప్రతి బటనుకీ, ప్రతి గడికీ పేరు పెట్టారు. వట్టి 'మార్చు' అంటే చాలదన్నాడు సాలమోను. ఎవరిది, ఏ రోజుది అని కూడా ఉండాలి. అలా 'ఎలీసమ్మ శనివారం వంతు మార్చు' అని బటన్ పలకడం మొదలైంది. ఎర్రక్షరాలు వచ్చిన వెంటనే స్క్రీన్ రీడర్ చేస్తున్న పని ఆపి చదివేలా చేశారు. తర్వాత మాధవీలత తన నలభై పరీక్షలూ మళ్ళీ రాసింది, ఈసారి చోటుతో కాక పేరుతో. బటన్ ఎడమ నుంచి కుడికి పోయినా, పెట్టె మారినా, పేరు పట్టుకుని అవి వెళ్ళిపోతున్నాయి. తప్పుడు ఎర్రగుర్తులు దాదాపు పోయాయి.

ఎలీసమ్మగారి సంగతి మీద పరీక్ష మాత్రం మీరే రాయండి అని ఆవిడ సాలమోనుకి అప్పగించింది. అతనికి భయం వేసింది. వారం రోజులు బస్సులో పాఠాలు వింటూ, ఆఫీసులో మధ్యాహ్నాలు తప్పులు చేస్తూ, పందొమ్మిది వాక్యాల పరీక్ష రాశాడు. రెండు బ్రౌజర్లు తెరుచుకుంటాయి. గురువారం ఒక్క చోటే మిగిలుంటుంది. ఒకరు దాన్ని తీసుకుంటారు, అదే క్షణంలో ఇంకొకరు తమ బుధవారం వంతు అక్కడికి మార్చమంటారు. రెండోవారికి 'మార్చడం కుదరలేదు' అని రావాలి. నడిపితే పరీక్ష నెగ్గింది. మాధవీలత భేష్ అంది.

సాలమోను లేవలేదు. ఆగస్టులో సరిచేసిన పాత తప్పును మళ్ళీ నకలులో పెట్టి ఒకసారి నడిపించమన్నాడు.

"సరైందాన్ని సరైందంటే చాలదు కదండీ. తప్పున్నప్పుడు పట్టుకోవాలి."

ఆవిడ ఆగస్టు నాటి తప్పును తిరిగి పెట్టింది. పరీక్ష మళ్ళీ నెగ్గింది. ఎర్రక్షరాలు వచ్చాయా లేదా అని చూసి సాలమోను పరీక్ష అక్కడితో ఊరుకుంటోంది. ఆ రోజూ ఎర్రక్షరాలు వచ్చాయి. పోయింది బుధవారం వంతు. దాని సంగతి అతను అడగనే లేదు. చివర రెండు వాక్యాలు చేర్చాడు: బుధవారానికి వెళ్ళు, ఆ పేరు అక్కడే ఉందా చూడు. ఈసారి పరీక్ష తప్పింది. తప్పు తీసేసి నడిపితే నెగ్గింది. అలా రెండువైపులా చూసుకున్నాకే అతను సీట్లోంచి లేచాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు అతనికి అదే పని. ఆరేళ్ళ ఫోన్లలో విన్నవి ఒక్కొక్కటే గుర్తుచేసుకుని పరీక్షలుగా రాశాడు. రద్దు బటన్ రెండుసార్లు నొక్కేవాళ్ళు, సగంలో ఫోనొస్తే వదిలేసి గంట తర్వాత మళ్ళీ వచ్చేవాళ్ళు, ఇంటి పేరు ముందు ఒకసారి వెనక ఒకసారి రాసేవాళ్ళు, నెట్ లేని చోట వెనక్కి నొక్కేవాళ్ళు. ఇవేవీ మాధవీలతకి తట్టలేదు. ఆవిడెప్పుడూ సరిగ్గా నొక్కే మనిషి. క్రిస్మస్ నాటికి పరీక్షలు నూటపది దాటాయి.

జనవరిలో రావుగారు అతన్ని పిలిచి, ఫోన్లకి ఇంకొకరిని పెడతానని, పూర్తిగా పరీక్షల పనికే రమ్మని అడిగారు. ఆ సంగతి ఇంట్లో భార్య ప్రసన్నకుమారికి చెబితే ఆవిడ సంతోషించింది. సాలమోను రెండు రోజులు ఆలోచించి, పొద్దుటిపూట ఫోన్లు తనకే ఉంచమన్నాడు. మనుషుల మాట వినకపోతే రాయడానికి తనకేం దొరుకుతుందన్నాడు. రావుగారు, అలాగే కానీయండి, అన్నారు.

ఫిబ్రవరిలో వంతుల పేజీ మొత్తం మార్చి రాశారు. శుక్రవారం మధ్యాహ్నం పంపాలని అంతా సిద్ధం చేసుకున్నారు. పరీక్షలు పెట్టిన పది నిమిషాలకి రెండు తప్పాయి. వంతు రద్దయ్యాక ఖాళీ అయిన మంచం వేరే వాళ్ళకి కనపడటం లేదు. ఎవరూ దాటేద్దామనలేదు. సోమవారం చూద్దామని రావుగారు ఏడు కేంద్రాలకీ కబురు పెట్టించారు. మాధవీలత ప్రోగ్రాము ముందేసుకుని కూర్చుంది. సాలమోను కర్ర తీసుకుని, టీ చెప్పి వస్తానని మెట్లు దిగాడు.