పిళ్ళప్ప సీమ ప్రయాణం

మా చింతామణిలో పెద్దమనుషులకు కొదవ లేదు. శాలువా కప్పేవాళ్ళకు అంతకన్నా లేదు. కొదవల్లా కప్పించుకోవడానికి ఏదో ఒకటి చేసినవాళ్ళకే. అందుకే శెనక్కాయల మండీ పిళ్ళప్ప సముద్రం దాటి గాల్ఫు ఆడడానికి పోతాడని తెలిసినప్పుడు ఊరంతా పెళ్ళి కుదిరినంత సంబరపడింది. మా బట్టల అంగడి ఆయన మండీకి ఎదురుగానే ఉండేది కాబట్టి ఆ సంబరం మొదటినుంచీ నా కళ్ళముందే జరిగింది.

పిళ్ళప్ప పొట్టి మనిషి, ముక్కుమీద కోపం. కోలారు గనుల్లో దొరల క్లబ్బుకు చాలా యేండ్లు నూనె, పప్పులు సరఫరా చేశాడు. డబ్బాలు దించినాక వరండాలో కూర్చోకుండా, దొరలు ఆడే ఆట చూస్తూ ఎండలో నిలబడేవాడు. ఒకసారి డంకన్ అనే దొర వేళాకోళానికి కర్ర చేతికిచ్చి కొట్టమన్నాడు. పిళ్ళప్ప పంచె పైకి చెక్కి కొట్టాడు. బంతి ఎక్కడ పడిందో దొరకు చాలాసేపు కనిపించలేదట. అప్పటినుంచి నూనె దించిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి ఆడేవారు. గనులు సర్కారు చేతికి వచ్చిన యేడు దొరలందరూ మూటాముల్లె సర్దుకున్నారు. డంకన్ దొర పోతూ పోతూ తన కర్రల సంచిని, బంతులతో సహా, పిళ్ళప్పకు ఇచ్చి పోయాడు.

ఊరి బయట ఎండిన కుంట ఒకటి ఉండేది. గొర్రెల గోపాలప్ప మంద అక్కడే మేసేది. గొర్రెలు కొరికి కొరికి పచ్చికను నున్నగా చేసిన చోట పిళ్ళప్ప గుంతలు తవ్వి, ఆముదపు కట్టెలకు ఎర్రగుడ్డలు కట్టి నాటాడు. రోజూ పొద్దున్నే మండీ తెరిచేముందు అక్కడ ఆడి వచ్చేవాడు. ఆ ఆట సంగతి ఆయన భార్య మునివెంకటమ్మను ఎవరైనా అడిగితే ఆమె ఒకటే చెప్పేది.

"ఆటేందో నాకు తెలీదమ్మా. ఆడొచ్చిన పూట మాత్రం పప్పుసారులో ఉప్పు తక్కువైనా మాట అనడు."

ఇంతలో డంకన్ దొర దగ్గరినుంచి జాబు వచ్చింది. తమ దేశంలో సముద్రపు ఒడ్డున వందల యేండ్ల నాటి గాల్ఫు మైదానాలు ఉన్నాయనీ, ఈ ఆట పుట్టిందే అక్కడనీ, వస్తే అన్నీ తిప్పి చూపిస్తాననీ రాశాడు. పిళ్ళప్ప స్కాట్లాండు పటం తెప్పించి మండీలో వెంకటరమణస్వామి పటం పక్కన తగిలించాడు. సెయింట్ ఆండ్రూస్, ప్రెస్ట్‌విక్, కార్నూస్టీ అని, మనవాళ్ళు కాశీ, గయ, ప్రయాగ అన్నట్టే వరసగా చెప్పేవాడు. ఆ పేర్లు చెప్పేటప్పుడు బేరానికొచ్చిన రైతులు కూడా కాసేపు చేతులు కట్టుకుని వినేవారు.

గోపాలప్ప మాత్రం అడిగాడు.

"అంత దూరం పోయి చూసేదానికి అక్కడేముండాది అప్పా?"

"ఇసుక దిబ్బలు, గాలి, గొర్రెలు మేసిన పచ్చిక."

"అవన్నీ ఈడే ఉండాయి కదప్పా!"

"సముద్రం లేదు కదా."

"అదొకటి నిజమే," అని ఒప్పుకుని గోపాలప్ప మందను తోలుకుపోయాడు.

పిళ్ళప్ప ఈ సంగతిని గుట్టుగా ఉంచి ఉంటే గుట్టుగానే పోయివచ్చేవాడేమో. కానీ పాస్‌పోర్టు అర్జీ ఎట్లా రాయాలో అడగడానికి సుబ్బరాయప్ప దగ్గరకు పోయాడు. సుబ్బరాయప్ప రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైనవాడు. ఊర్లో ఏ సభ జరిగినా అధ్యక్షుడు ఆయనే. సన్మానం చేయడానికి మనిషి దొరకక నెలల తరబడి ఆయన శాలువా బీరువాలోనే ఉండిపోయింది. పిళ్ళప్పను చూసేసరికి ఆయన మొహం కళకళలాడింది.

మరుసటి సాయంత్రం నుంచి మండీలో సభలు మొదలయ్యాయి. ప్రయాణం పిళ్ళప్పది, ఆలోచన మాత్రం అందరిదీ. దొరల సీమలో సంగటి దొరకదు కాబట్టి రాగిపిండి ఎంత పట్టుకుపోవాలి? ఓడలో ఎవరి పొయ్యిమీద వండుకోవాలి? ఆ మైదానాల్లో ఆట మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తారు కాబట్టి అది ప్రదక్షిణమే అవుతుందని ఒకాయన తేల్చాడు. అట్లయితే చెప్పులు వేసుకోవచ్చా కూడదా అని ఇంకొకాయన లేవదీశాడు. కైవారం నుంచి వచ్చిన ముసలామె ఒకతె ఇత్తడి చెంబు ఇచ్చి, ఆ సముద్రం నీళ్ళు కొంచెం తెచ్చిపెట్టమని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిళ్ళప్ప బెంగళూరులో ఉన్ని కోటు కుట్టించుకుని, అలవాటు కావాలని ఎండాకాలంలోనే దాన్ని వేసుకుని మండీలో కూర్చున్నాడు. శెనక్కాయలు తూకం వేసేవాళ్ళు ఆయనకు విసనకర్రతో విసిరారు.

అసలు చిక్కు పంచాంగంలో వచ్చింది. ఫాల్గుణంలో దివ్యమైన ప్రయాణ ముహూర్తం ఒకటి ఉంది. అది దాటితే శుక్రమౌఢ్యం, మంచి పని ఏదీ చేయకూడదు. అక్కడి ఖర్చులకు విదేశీ డబ్బు మార్చుకోవడానికి సర్కారు అనుమతేమో ఇంకా రాలేదు. సుబ్బరాయప్ప కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు.

"ప్రస్థానం పెట్టేద్దాం," అన్నాడు.

ఇది మావైపు పాత పద్ధతి. మంచి ముహూర్తానికి మనిషి కదలలేకపోతే, తనకు ప్రియమైన వస్తువొకదాన్ని ఆ వేళకు ఇల్లు దాటించి, పోవలసిన దిక్కులో ఉన్న ఇంకొకరి ఇంట్లో పెడతారు. వస్తువు బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే. తరువాత వీలు చూసుకుని, ఆ వస్తువును అక్కడినుంచే తీసుకుని పోవాలి. యాత్ర కాకుండా దాన్ని తిరిగి ఇంటికి తేకూడదు.

"ఆ ఉన్ని కోటు పెట్టండి. ఎట్లాగూ ఈడ దాంతో పని లేదు," అంది మునివెంకటమ్మ.

ఆమె మాట వినుంటే ఈ కథే లేదు. కానీ అక్కడ ఊరంతా నిలబడి ఉంది. ఇంత పెద్ద యాత్రకు కోటు పెడతాడా అన్నట్టు అందరూ పిళ్ళప్ప మొహం చూశారు. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నాకు ప్రియమైంది నా సంచి. సంచే పెడతా!" అనేశాడు.

నాదస్వరం ముందు నడవగా గాల్ఫు సంచి పల్లకీలో ఊరేగింది. కర్రలకు పసుపు, కుంకుమ పెట్టారు. పడమటి వీధిలో సుబ్బరాయప్ప తన ఇంటి పూజగది పక్కన పీట వేసి దానిమీద సంచిని కూర్చోబెట్టాడు. పిళ్ళప్పకు శాలువా కప్పి, సముద్రం దాటిన మొట్టమొదటి చింతామణి క్రీడాకారుడని అరగంట పొగిడాడు. అంతా అయినాక పిళ్ళప్ప మెడలో దండలతో తన ఇంటికి తానే నడిచిపోయి భోంచేసి పడుకున్నాడు.

మరుసటి పొద్దున లేచి, అలవాటు చొప్పున సంచి కోసం చేయి చాచినప్పుడుగానీ తాను చేసిన పనేమిటో ఆయనకు అర్థం కాలేదు.

అనుమతి రాలేదు. వేసవి పోయింది, వానలు పోయాయి. వీధిలో కనిపించినవాళ్ళందరూ, "ఏమప్పా, ఇంకా ఊర్లోనే ఉండావే?" అని పలకరించేవారు. ఊర్లో ఉండడం ఆయన తప్పయినట్టు ఆ మాటలో చిన్న చురక ఉండేది. ఒకరోజు గొడుగు తిరగేసి పట్టుకుని కుంటలో నిమ్మకాయను కొట్టబోయాడు. గొడుగు విరిగింది, నిమ్మకాయ చితికింది. వడ్రంగితో కర్ర చేయిద్దామనుకుంటే ఆ వడ్రంగి, "సీమకు పోయే మనిషివి, ఈ కట్టె నీకెందుకప్పా?" అని నవ్వి పంపించాడు. ఆడడం మానేసిన మనిషికి కోపం పెరిగింది. రైతులమీద ఊరికే విరుచుకుపడేవాడు. రైతులు బండ్లు ఇంకో మండీకి మళ్ళించారు. ఇంట్లో తిట్టడం కూడా మానేసి, పెట్టింది తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిట్టినా బాగుండునని మునివెంకటమ్మ మా అంగడికి వచ్చి నాతో చెప్పుకుని బాధపడింది.

సంచిని చూడడానికి పోతే సుబ్బరాయప్ప చూడనిచ్చేవాడు, తాకనిచ్చేవాడు కాదు.

"ముట్టుకుంటే యాత్రకు భంగం కదప్పా! కొంచెం ఓర్చుకో."

అక్కడ సంచి వైభోగంగా ఉండేది. పరీక్షలకు పోయే పిల్లలు, పెళ్ళిచూపులకు పోయేవాళ్ళు, బాగేపల్లి కోర్టుకు పోయేవాళ్ళు దారిలో ఆగి దానికి మొక్కి పోయేవారు. కర్రలకు గంధం గట్టిపడి పెచ్చులు కట్టింది. తాను రోజూ నూనె గుడ్డతో తుడిచి పెట్టుకున్న కర్రల్ని ఆ వాలకంలో చూడలేక పిళ్ళప్ప తిరిగి వచ్చేశాడు.

చివరికి జవాబు వచ్చింది. ఆటలాడుకోవడానికి విదేశీ డబ్బు ఇచ్చేది లేదట. ఆ మాట ఆయన భార్యకు, నాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

"చెప్పేసి సంచి తెచ్చుకోండి," అన్నాను.

"ఎట్లా చెప్పేది? ఊరంతా దండలేసినారే! ఆ దండలు ఇప్పుడు ఎవరికని తిరిగిచ్చేది?" అన్నాడు. ఆ గొంతు వింటే నాకు మా ఊరి మీదే ఒళ్ళు మండింది.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ప్రస్థానం పెట్టి రెండేండ్లయిన సందర్భంగా బడి మైదానంలో షామియానా వేసి వార్షికోత్సవం పెట్టారు. పోని ప్రయాణానికి వార్షికోత్సవం చేసిన ఊరు ఈ భూమ్మీద మాదొక్కటే అయి ఉంటుంది. పిళ్ళప్పను వేదికమీద కూర్చోబెట్టి మళ్ళీ దండలు వేశారు. సంచిని బల్లమీద పెట్టారు. సుబ్బరాయప్ప మైకు పట్టుకున్నాడు.

"ఈ పవిత్రమైన సంచిని మన గ్రంథాలయంలో గాజు బీరువాలో శాశ్వతంగా ఉంచాలని మన సన్మాన సమితి తీర్మానం చేసింది. తాళంచెవి నా దగ్గరే భద్రంగా ఉంటుంది."

చప్పట్లు మోగాయి. పిళ్ళప్ప లేచాడు. దండలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు.

"నేను యాడికీ పోలేదు. పోయేదీ లేదు. సర్కారోళ్ళు లేదని రాసి చానా దినాలాయె. చెప్పేదానికి సిగ్గయి గమ్మనుంటి. ఈ పొద్దు ఆ సిగ్గు కూడా పోయింది. నాకు సముద్రం వద్దు, సన్మానం వద్దు. నా సంచి నాకియ్యండప్పా, నేను ఆడుకోవల్ల!"

ముసలివాడు చిన్నపిల్లవాడిలా ఆడుకోవాలని అడగడం నేను అంతకుముందు చూడలేదు. వేసిన దండలన్నీ వట్టివని తేలితే వేసిన ఊరి మొహం ఏం కావాలి? జనమంతా సుబ్బరాయప్ప వైపు తిరిగారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మొహం మళ్ళీ వెలిగిపోతోంది.

"శాస్త్రం ఏమంటుంది? వస్తువు ఇల్లు విడిస్తే యాత్ర మొదలైనట్టే. అట్లనే వస్తువు ఇల్లు చేరితే యాత్ర ముగిసినట్టే! మన పిళ్ళప్ప దిగ్విజయంగా తిరిగొస్తాండాడు. వాయించండి!"

నాదస్వరం అందుకుంది. పెట్టిన డబ్బు వృథా పోలేదని అందరి మొహాలూ తేటపడ్డాయి. సంచిని మళ్ళీ పల్లకీ ఎక్కించారు. "నేను పోలేదప్పా!" అని పిళ్ళప్ప దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. "అంత దూరం పోయొచ్చి కూడా ఎంత అణకువో చూడు," అని జనం మెచ్చుకున్నారు. ఇంటి గడపలో పెద్దముత్తైదువలు ఎర్రనీళ్ళతో హారతి ఎత్తి, సీమలో చలి ఎట్లుందని అడిగారు. మునివెంకటమ్మ మాత్రం హారతి పళ్ళెం ముట్టుకోలేదు. తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

తెల్లవారి పిళ్ళప్ప సంచి భుజాన వేసుకుని కుంటకు పోతుంటే నేనూ వెంట పోయాను. కర్రకు పట్టిన గంధాన్ని గోటితో గీకి, బంతి పెట్టి కొట్టాడు. బంతి పక్కనున్న గొర్రె కాళ్ళదాకా కూడా పోలేదు. ఇంకోటి కొట్టాడు, అదీ అంతే. సంచిలో ఉన్న బంతులన్నీ అట్లానే కొట్టి, ఏరుకొచ్చి, మళ్ళీ కొట్టాడు. ఎండ ఎక్కేసరికి ఒకటి గాలిలోకి లేచి దూరంగా పోయి పడింది. ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి చేరేసరికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. "ఈ పొద్దు సారులో ఉప్పు తక్కువైనా ఏమీ అననులే," అని గడపలోనే కేకేశాడు. మునివెంకటమ్మ లోపలికి పోయి పళ్ళెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్ళు తెచ్చింది.

"నిన్ననే తీసినారు కదమ్మా హారతి?" అన్నాను.

"అది ఊరోళ్ళు తీసింది," అంటూ ఆమె పళ్ళెం ఆయన మొహం ముందు తిప్పింది. "మా ఇంటాయన పోయి రెండేండ్లాయెనప్పా. ఈ పొద్దు వచ్చినాడు."