నూనె రాయని తల

ఉద్యోగమంతా కరెంటు స్తంభాలెక్కి బతికినవాణ్ణి నేను. లైన్‌మన్‌గా రిటైరై ధవళేశ్వరంలో ఉంటున్నాను. కరెంటంటే నాకు భయం లేదు, గౌరవం ఉంది. అలాంటి నన్ను కూర్చోబెట్టి రాజమండ్రి ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మాయి మా ఆవిడని చూపించి, "పిన్నిగారి తలకి కొంచెం కరెంటు పెట్టి చూద్దామండి" అనేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఎన్ని యాంప్స్ అమ్మా?" అన్నాను.

"రెండు మిల్లీయాంప్సేనండి. చిన్న బ్యాటరీతో నడుస్తుంది బాబాయ్‌గారూ. కోతా లేదు, కుట్టూ లేదు."

అప్పటికి మా ఆవిడకు పక్షవాతం వచ్చి కొన్ని నెలలైంది. కాలూ చెయ్యీ చాలావరకు కుదుటపడ్డాయి గానీ మాట రాలేదు. మాటలన్నీ పోయి "అదే" అన్న ఒక్కటీ మిగిలింది. మంచినీళ్ళు అదే, ఫ్యాను అదే, నేనూ అదే. పెళ్ళైన దగ్గర్నుంచీ నన్ను "ఏవండీ" అని పిలిచిన మనిషి. ఆ పిలుపు ఇంకొక్కసారి వినాలని ఉండేది. అంతకు మించి నాకేమీ అక్కర్లేకపోయింది.

డాక్టరమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. ఇది ఇంకా పరిశోధనే. ఉప్పునీళ్ళలో తడిపిన స్పాంజీలు తలమీద పెట్టి, సన్నగా కరెంటు పంపుతూ, బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తారు. సగం మందికి అసలు కరెంటు. మిగతా సగానికి మొదట కాస్త చిమచిమలాడించి ఆపేస్తారు. ఎవరికి ఏదో పేషెంటుకీ తెలియదు, పెట్టే డాక్టరుకీ తెలియదు. అన్నీ విని మా ఆవిడ తలూపి "అదే" అంది. సరేనని అర్థం.

మొదటిరోజు పొద్దున్నే ఆమెకు తలనిండా కొబ్బరినూనె రాసి, నున్నగా దువ్వి, జడవేసి, పూలు పెట్టి మరీ తీసుకెళ్ళాను. పెద్ద డాక్టర్ల దగ్గరికి చింపిరి తలతో తీసుకెళ్తామా? డాక్టరమ్మాయి స్పాంజీ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. మెషీను ఊరుకోకుండా కూత పెడుతోంది.

"బాబాయ్‌గారూ, నూనె ఉంటే కరెంటు పోదండి."

నేను నాలుక కరుచుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్లో నూనె ఎందుకు పోస్తారో కొత్తగా చేరిన లైన్‌మన్లకు పాఠం చెప్పినవాణ్ణి. దీపం కిందే చీకటి అని ఊరికే అన్నారా. మా ఆవిడ నా మొహం చూసి పకపకా నవ్వింది. జబ్బు చేశాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళే ప్రతి పొద్దునా ఆమె తల నేనే రుద్దాను. కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో నానేసి, నురుగొచ్చేదాకా పిసికేవాణ్ణి. మొదట్లో సిగ్గుతో ముడుచుకుపోయింది. నోట మాటుంటే తిట్టేదే. పోనుపోను పీట మీద కూర్చుని, మెడ వాల్చి, కళ్ళు మూసుకునేది. ఎడమ చెవి వెనక ఆమెకో పుట్టుమచ్చ ఉందని ఇన్నేళ్ళ కాపురంలో నాకప్పుడే తెలిసింది. ఆ పొద్దుటిపూటలంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆసుపత్రిలో మాత్రం ఒకరోజు "గొడుగు" అనేది, మర్నాడు అదీ పోయేది. అసలు కరెంటో కాదో జేబులో టెస్టరు తీసి చూద్దామా అనిపించేది, అంత సన్న కరెంటుకి అది వెలగదని తెలిసి కూడా.

ఆఖరి వారంలో ఒక పొద్దున కుంకుడు రసం ఆమె కంట్లో పడింది.

"ఏవండీ," అంది. "కళ్ళు."

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "ఏంటన్నావ్?"

"కళ్ళు... మంట."

అప్పుడు పోశాను నీళ్ళు. ఇద్దరి కళ్ళూ ఎర్రబడ్డాయి. నా కంట్లో కుంకుడు రసం పడలేదు.

తర్వాత మాటలు ఒకటొకటే రాసాగాయి. పలకరించిన వాళ్ళందరికీ తల చూపించి "కరెంటు" అని గర్వంగా చెప్పేది. ఆసుపత్రికి వెళ్ళే పని అయిపోయింది. నూనె సీసా మళ్ళీ బయటికొచ్చింది. ఆదివారాలు పక్కింటావిడ వచ్చి తల రుద్ది వెళ్ళేది.

కొన్ని నెలలకు డాక్టరమ్మాయి ఫోన్ చేసింది.

"పరిశోధన పూర్తయింది, ఎవరికి ఏది పెట్టారో ఇప్పుడే తెలిసిందండి. పిన్నిగారికి పెట్టింది ఉత్తుత్తి కరెంటేనండి. సాధన వల్లో, మెల్లగా కోలుకోవడం వల్లో మాటలొచ్చి ఉంటాయి. ఇష్టమైతే ఇప్పుడు అసలుది పెడతామండి. మేలు చేస్తుందని మాత్రం మాటివ్వలేను."

ఒప్పుకునే చేరాం, అయినా కోపం వచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువ. ఈ సంగతి చెబితే ఆమె బెంగపడి, వచ్చిన నాలుగు మాటలూ పోగొట్టుకుంటుందేమోనని. కానీ ఆమె దగ్గర దాచడం నాకెప్పుడూ చేతకాలేదు. పక్కన కూర్చుని చెప్పేశాను.

ఆమె తల తడిమి చూసుకుంది.

"అసలుది పెట్టించుకుందామా మరి?" అన్నాను.

ఆమె జడ ముందుకు లాక్కుని, నూనె అంటిన వేళ్ళు చూసుకుంది. మాట మాటకీ ఆగుతూ అడిగింది:

"ఏవండీ... వెళ్తే... తల మళ్ళీ... మీరే రుద్దుతారా?"