‘టు’ తర్వాత చుక్క

మొన్న శుక్రవారం పొద్దున మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. వాళ్ళ కోడలు ఫోన్ చేసి, "కాఫీ తాగుతా తాగుతా పక్కకి ఒరిగిపోనారమ్మా" అంది. పూజ మధ్యలో ఉన్నాను. దీపంలో ఇంకొంచెం నూనె పోసి, ఆయన కోసం కాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఆయనకు ఎక్కువ మాటలు గిట్టవు. నాకూ అంతే. తక్కువే రాస్తాను.

నౌపడ దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పారు. నాకూ, మా చెల్లికీ, మాకంటే బాగా చిన్నవాడైన తమ్ముడికీ ఆయనే. ఇంగ్లీషు క్రియలు మాకు ఎలాగో పట్టుబడేవి. వాటి వెనక వచ్చే ఆన్, ఆఫ్, అప్, అవుట్‌ల దగ్గరే దారి తప్పేవాళ్ళం. ‘లుక్’ అంటే చూడడం, ‘ఆఫ్టర్’ అంటే తర్వాత కాబట్టి, ‘లుక్ ఆఫ్టర్’ అంటే తర్వాత చూడడం అని రాశాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఇంటికాడ నీ తమ్ముడ్ని ఎవులు సూస్తారే గుంటా?"

"నానేనండి."

"అదే లుక్ ఆఫ్టర్. ఇంక మర్సిపోవు."

మర్చిపోలేదు. యాభై దాటాక కూడా ఆయనకు నేను గుంటనే, చిన్నపిల్లనే.

"ఇంజినొక్కటే సూస్తే నౌపడలో బండి బరంపురం ఎల్తాదో, గుణుపురం ఎల్తాదో సెప్పగలరా? పట్టా ఎటు మారిందో సూడాల. క్రియ ఇంజినురా, ఎనకాల సిన్నమాట పట్టా" అనేవారు. ఒకసారి వెనకబెంచీ వాడు లేచి, ‘పుట్ అప్ విత్’కి ఉదాహరణ అడిగాడు. "పొద్దున్నించి సాయంత్రం దాకా నిన్ను సూస్తన్నాను కదరా, అదే" అన్నారు. ఓర్చుకోవడం అనే అర్థం మాకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడేళ్ళ కిందటి మే నెలలో ఒక రోజు మాత్రం నవ్వులాటకు చోటు లేదు.

తమ్ముడు గల్ఫ్‌లో వెల్డరు. మిట్టమధ్యాహ్నం నా ఫోనుకు వాడి సూపర్‌వైజరు దగ్గర్నుంచి ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. ‘యువర్ బ్రదర్ పాస్డ్ అవుట్ ఎట్ సైట్. టేకెన్ టు హాస్పిటల్.’ అంతే. పాసవుట్ అనే మాట మా ఇంట్లో కొత్తది కాదు. తమ్ముడు ఐటీఐ పాసవుట్ అని ఊరంతా చెప్పుకున్నాం. పని చేసే చోట వీడు ఏం పాసవుతాడు? ఫోనులోనే తెలుగులోకి మార్చి చూస్తే, ‘మీ సోదరుడు ఉత్తీర్ణుడయ్యాడు’ అని వచ్చింది. ఆసుపత్రిలో ఉత్తీర్ణుడవడమేమిటి?

చెల్లి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "పాస్డ్ అంటే పోవడవేనక్కా. పేపర్లో ఫొటో కింద ఏస్తారు కదా" అని కూలబడింది. అమ్మకు ఆ ఒక్క ముక్క చాలు. "నా కొడుకు పోనాడేటే?" అని గుమ్మం పట్టుకుంది.

తమ్ముడికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. సూపర్‌వైజరూ ఎత్తలేదు. చెప్పుల్లేకుండా రెండు వీధుల అవతల ఉన్న మాస్టారింటికి పరుగెత్తాను. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటని మనిషి, మెసేజ్ చదివి, లుంగీ బనీనుతోనే నా వెంట వచ్చేశారు. దారిలోనే చెప్పారు: "‘పాస్డ్ అవే’ కాదే, ‘పాస్డ్ అవుట్’. పోలేదు. స్పృహ తప్పింది. ఎండదెబ్బై ఉంటాది."

అమ్మ ముందు నేల మీద కూర్చుని అదే మాట నెమ్మదిగా మళ్ళీ చెప్పారు.

"తెలివొచ్చిందా మరి?" అంది అమ్మ.

వచ్చిందని అనేయొచ్చు. నేనైతే అనేసేదాన్ని. ఆయన అనలేదు. "అది ఇందులో రాయలేదమ్మా. రాసిందాకా ఇక్కడే ఉంటాను."

ఉన్నారు. గంట దాటింది. అమ్మ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను గోవింద నామాలు మొదలుపెట్టి మూడుసార్లు మధ్యలో తప్పాను. ఫోను ఆయన అరచేతిలో ఉంది. తెర నల్లబడినప్పుడల్లా వేలితో తట్టి వెలిగించేవారు.

రెండో మెసేజ్ వచ్చింది. చెల్లి ఆయన భుజం మీంచి వంగి పైకి చదివింది. ‘హి కేమ్ టు.’

ఇంకేమీ లేదు. ‘టు’, దాని తర్వాత ఒక చుక్క.

"వచ్చాడు... ఎక్కడికి?" అంది చెల్లి. "ఊరి పేరు రాయకుండా ఆపేశాడు. పెట్టెలో ఇంటికి తెచ్చేస్తన్నారక్కా, సెప్పలేక ఆపేశాడు."

నాకూ అదే తోచింది. మన భాషలో ‘కి’ వచ్చేసరికి ఊరి పేరు ముందే వచ్చేసి ఉంటుంది. ఊరు లేని ‘కి’ని నేనెప్పుడూ వినలేదు.

"ఆగండే!" అని కసిరారు మాస్టారు. ఆయన గొంతు పెంచగా వినడం అదే మొదలు. ఫోను అమ్మ కళ్ళ ముందు పెట్టి, చదువు రాని అమ్మకు గోటితో ఆ చుక్క చూపించారు. "ఇదిగో, ఇక్కడితో అయిపోనాది. ఈ ‘టు’ ఎనకాల ఊరుండదమ్మా. ‘కేమ్ టు’ అంటే తెలివిలోకి వచ్చినాడని. నీ కొడుకు కళ్ళు తెరిసినాడు."

"నిజవేనా బాబూ?"

"నిజవే."

అమ్మ నమ్మలేదు. ఆ చుక్కనే చూస్తూ ఉంది. పావుగంట తర్వాత ఆయన చేతిలో ఫోను మోగింది. అమ్మ చెవి దగ్గర పెట్టారు. "అమా..." అని నీరసంగా వినిపించింది. అమ్మ "ఒరే, ఏటైనా తిన్నావేటిరా?" అంది. చెల్లి ఏడుస్తూ నవ్వింది.

నేను వెనక్కి తిరిగేసరికి మాస్టారు అక్కడ లేరు. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళాను. గోలెం దగ్గర వంగి, దోసిలితో నీళ్ళు ముఖాన కొట్టుకుంటున్నారు. నన్ను చూడకుండానే అన్నారు: "ఆ సుక్క పెట్టకపోతే నానూ బెదిరిపోదునే గుంటా."

మళ్ళీ నీళ్ళు ముంచుకున్నారు. ముఖం దాకా వచ్చేలోగా వేళ్ళ సందుల్లోంచి అన్నీ కారిపోయాయి.