లంగరు కింద గద్ద రెక్క

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. చింతపండు నానబెట్టిన ప్రతిసారీ అది గుర్తొచ్చి చేతులు ఆగిపోతాయి. మా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

లాక్‌డౌన్ రోజుల్లో నేను ఐర్లండ్‌లో, డండాక్ ఊళ్లో, పెద్దవాళ్లను ఇళ్లకెళ్లి చూసుకునే హోమ్ కేరర్‌ని. నేను వెళ్లే ఇళ్లలో ఒకటి మన తెలుగాయనది. నలభై ఏళ్ల కిందట డాక్టరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భార్య పోయాక ఒంటరి. అంకుల్ అని పిలిచేదాన్ని. కంటి శుక్లాల ఆపరేషన్ కోవిడ్ వల్ల వాయిదా పడి, ఉత్తరాలు కూడా నాచేతే చదివించుకునేవారు. నేను తప్ప ఆ ఇంట్లో ఇంకెవరూ అడుగుపెట్టని రోజులవి.

ఆయన దగ్గర ఆకుపచ్చగా చిలుం పట్టిన కంచు నాణెం ఒకటి ఉండేది. రెండు వేల ఏళ్లకు పైబడినది. అప్పట్లో ఈజిప్టునీ సిరియానీ ఏలిన గ్రీకు రాజులు తరాల తరబడి కొట్టుకున్నారట. ఈజిప్టు వాళ్ల నాణెం మీద గద్ద. సిరియా రాజు దాన్ని కరిగించకుండా, గద్ద మీదే తన లంగరు ముద్ర కొట్టించాడట. లంగరు కింద గద్ద రెక్క ఇంకా ఉందని, ఆ పగకు అదే సాక్ష్యమని అంకుల్ ముప్ఫై ఏళ్లుగా నాణేల నిపుణులందరికీ రాస్తున్నారు. ఫోటోలు చూసినవాళ్లెవరూ నమ్మలేదు. కిటికీ వెలుగులో నన్నూ చూడమన్నారు. చూశాను. మూడు ఈకలు, గోటి గీతలంత సన్నగా.

చివరికి డబ్లిన్‌లో ఒక నిపుణురాలు నాణేన్ని పంపమన్నారు. పోస్టు చేయమని అంకుల్ నాకిచ్చారు. ఇంత మురికిగా ఎలా పంపడం అనుకున్నాను. వంటింటి అల్మారాలోంచి చింతపండు తీసి, మా అమ్మ ఇత్తడి చెంబులు తోమినట్టే ఉప్పు వేసి పీచుతో తోమాను. ఎంత ముద్దుగా మెరిసిందో. అప్పుడు రెక్క కోసం చూశాను. లేదు. పగవాడు సుత్తితో చెయ్యలేని పని నేను చింతపండుతో చేశాను. అంకుల్ పక్క గదిలోనే ఉన్నారు. ఎందుకు చెప్పలేదు? కవరు అంటించి పంపేశాను.

మూడు వారాలకు జవాబొచ్చింది. లంగరు తప్ప మరో ముద్ర కనిపించలేదన్న వాక్యం చదివాను. తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాను.

"ఇంకేం రాయలేదా అమ్మాయ్?"

"అంతే రాశారంకుల్."

"అయితే నాదే పొరపాటన్నమాట. ముప్ఫై ఏళ్లు లేని రెక్కని చూశాను."

టీ పెట్టమన్నారు. నాణేల డబ్బా మళ్లీ తెరవలేదు. ఆ చలికాలం కోవిడ్ వచ్చి డ్రోహెడా ఆసుపత్రిలో పోయారు. పోయేముందు ఫోన్లో కూడా ఆ రెక్క సంగతి ఎత్తి తనని తానే ఎగతాళి చేసుకున్నారు. నేను నవ్వాను. అవును, నవ్వాను.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? కాదు. ఆయన తిట్టే మనిషీ కాదు. ఆయన దృష్టిలో నేను తెలివితక్కువదాన్ని కాకూడదనుకున్నాను, అందుకోసం ఆయన్నే తెలివితక్కువవాణ్ని చేసి పంపాను. దీనికి క్షమాపణ ఎవరిని అడగాలి?

ఆ రోజు చదవని వాక్యం ఇది: నాణేన్ని ఈమధ్యే ఎవరో గట్టిగా తోమారు, కింద ముద్ర ఉండి ఉంటే అది పోయినట్టే.

తోమింది నేను. ఇన్నాళ్లకు ఈ మాట బయటికి అన్నాను, గుండె కాస్త తేలికపడింది. అంకుల్, రెక్క ఉండేది. నేను చూశాను. మూడు ఈకలు.