అరుగుకు ఇజాజత్, వీధికి లేదు

ఆ రోజుల్లో మేము నోరు తెరవాలంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావలసివచ్చేది. (అన్నం తినడానికి తెరిస్తే ఏమీ అనేవారు కాదు. నిజాం జమానాను మరీ అంత ఆడిపోసుకోకూడదు.) చేవెళ్లలో వకీలుగా ఉన్న మా మేనమామ దగ్గర నేను కొత్తగా పనికి చేరాను. పౌరస్వేచ్ఛ అనే మాట అప్పుడే నేర్చుకున్నానేమో, దొరికినవాడికల్లా వినిపించేవాణ్ణి. సభలకు ఇజాజత్ అక్కర్లేదని చాటడానికి మొయినాబాదులో సభ పెడదామనుకున్నాం. ఆ సభకు ఇజాజత్ కోసం మామ తహసీలు కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి, విషయం పారిశుద్ధ్యమని రాసిస్తే దొరికింది. ఊరి పటేలు గారి అరుగు మీద ఎవరైనా మాట్లాడవచ్చు, పోలీసు అమీను కూర్చుని వింటాడు అని అందులో రాశారు.

మామ మురికికాలువలతో మొదలుపెట్టి మెల్లగా స్వేచ్ఛలోకి దిగేసరికి అమీను కునుకు తీస్తున్నాడు. తరువాత మిషన్ బడి పంతులు మాట్లాడాలి. ఆయన తాతలు ఊరి చివరి వాడలో ఉండి క్రైస్తవం పుచ్చుకున్నవారు. ఆయన మెట్టు మీద కాలు పెట్టగానే పటేలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ మీద నాకేం కోపం లేదు పంతులూ. జర అరుగు మాత్రం ఎక్కకు."

నేను కోపంగా అమీనును లేపి ఇజాజత్ చూపించాను. సర్కారు తరఫున ఎవరికీ అడ్డు లేదనీ, అరుగు పటేలుది గనక తను చేసేదేమీ లేదనీ చెప్పాడు. మామ దిగి వచ్చి వీధిలో పంతులు పక్కన మట్టిలో కూర్చున్నాడు. అరుగు మీదున్న జనంలో సగం మంది దిగారు. పంతులు గొంతు సవరించుకున్నాడో లేదో, అమీనుకు పూర్తిగా మెలకువ వచ్చింది. వీధికి ఇజాజత్ లేదన్నాడు.

పంతులు నవ్వాడు. "పైన సర్కారు ఒప్పుకుంటది, ఊరు ఒప్పుకోదు. కింద ఊరు ఒప్పుకుంటది, సర్కారు ఒప్పుకోదు. నేను యాడ నిలబడి మాట్లాడాలె, వకీల్ సాబ్?"

అదీ ఉపన్యాసమేనని అమీను ఆయన్ను ఠాణాకు పట్టుకుపోయాడు. మామ బతిమాలి విడిపించేసరికి పొద్దుగూకింది.

సర్కారు మన నోరు మూయకుండా ఉండటం స్వేచ్ఛ అనీ, సాటి మనిషి మనల్ని మెట్టు దగ్గర ఆపితే సర్కారు మన పక్షాన నిలబడటం హక్కు అనీ తరువాత కుర్ర వకీళ్ళకు గంటల తరబడి చెప్పేవాణ్ణి. వాళ్ళు మర్యాదగా ఆవలించేవారు. ఆ సాయంత్రం మాత్రం బండిలో పంతులుకు ధైర్యం చెప్పాను. ఓటు వేసి మన సర్కారు తెచ్చుకుంటే వారం రోజుల్లో ఇవన్నీ పోతాయన్నాను.

"మంచిది, చిన్న వకీల్ సాబ్," అన్నాడాయన. "ఆ వారం ఎన్నడు మొదలైతదో జర ముందుగాల చెప్పుండ్రి."

ఓటు వచ్చింది, మన సర్కారూ వచ్చింది. అంత నమ్మకంగా మాట్లాడిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వాడి వారం ఇంకా నడుస్తూనే ఉంది.