నూట నలభై అరిసెలతో టెక్కలి దాకా

ముందుగా పోయినవి చెబుతాను. బారువ రేవులో దిగింది మొదలు టెక్కలి అవతల మా ఊరు చేరేలోగా మేము పోగొట్టుకున్నవి ఇవి: గొడుగు ఒకటి, ఎడమకాలి చెప్పు ఒకటి, కోడిపుంజు ఒకటి, అరిసెలు ముప్ఫై నాలుగు. పుంజు పోయిందనడం న్యాయం కాదు. అది ఎక్కడో బాగానే ఉంటుంది, మా దగ్గర లేదు, అంతే. కుడికాలి చెప్పు మాత్రం మిగిలింది. దాన్ని ఉన్నవాటిలో వేయాలో పోయినవాటిలో వేయాలో నాకు తేలలేదు.

నేను బర్మాలోని రంగంలో, అదే రంగూనులో, ఒక బియ్యపు మిల్లులో బస్తాలు లెక్కపెట్టేవాణ్ణి. బడి చదువు లేదు. బస్తాలే నాకు ఒకట్లు, బళ్లు పదులు, పడవలు వందలు. పద్దెనిమిదేళ్లు అలా లెక్కపెట్టాక, ఇక కాపురం ఎత్తేసి మా ఊరికి వచ్చేయాలని నిశ్చయించుకున్నాం. నిశ్చయించుకున్నది నేను. నా భార్య దాలమ్మ ఒక షరతు పెట్టింది.

మా పెళ్లైన మూడో రోజునే ఓడ. దాలమ్మ పుట్టిల్లు సోంపేట దగ్గర జలంత్రకోట. అక్కడికి బారువ రేవు దగ్గర, మా ఊరు దూరం. అందుచేత పెళ్లింటి నుంచి నేరుగా రేవుకు వెళ్లి ఓడెక్కేశాం. కొత్త కోడలి వెంట పుట్టింటివారు పిండివంటలు కావిడికెత్తించి పంపడం, వాటిని అత్తవారి ఊళ్లో ఇంటింటికీ పంచడం మా వైపు ఆచారం. దాన్నే సారె అంటాం. దాలమ్మకు ఆ సారె జరగలేదు. తరవాత రెండుసార్లు సెలవు మీద వస్తే, రెండుసార్లూ మా ఊరి ఆడవాళ్లు నూతి దగ్గర ఆమెను పట్టుకున్నారు.

"ఏటే దాలమ్మా, మీయమ్మ పంపిన సారె ఇంకా ఓడ దిగనేదేటి?"

"సొరసేప తినీసినాదేమోలే, పాపం!"

అందుకని రంగంలో సామాను కట్టే మాట ఎత్తేసరికి దాలమ్మ తేల్చి చెప్పింది: "ఊరు ఊరంతటికీ సారె అందితేనే నాను ఆ ఊల్లో కాపరానికొత్తాను. ఒక్క గడప తప్పినా నాను రాను మావా. నువ్వెల్లి నీ గడపలు లెక్కెట్టుకో. నానిక్కడే మిల్లుకాడ అప్పాలమ్ముకు బతుకుతాను."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. కాబట్టి కాపురం ఎత్తేముందు మూడు వారాల సెలవు పెట్టి ఈ చివరి ప్రయాణం కట్టాం. వెళ్లి సారె పంచడం, ఆమె సరే అంటే తిరిగొచ్చి సామాను అమ్ముకోవడం, అదీ ఏర్పాటు.

బారువలో ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలోనే ఆగితే చిన్న పడవలు వచ్చి మనుషుల్ని దించుకుంటాయి. ఎండగా ఉందని నేను పడవలో గొడుగు తెరిచాను. పడవవాడు కేకేశాడు: "ఆ గొడుగు మూసీ బాబూ! నేకపోతే పడవ మల్లీ రంగమెల్లిపోతాది!" మూసేలోగానే గాలి దాన్ని పట్టుకుంది. అది మాత్రం రంగం దిక్కుగానే వెళ్లింది.

ఈ దారిన వెళ్లేవారికి గడియారం గురించి ఒక మాట. నా గడియారం రంగంలో కొన్నది, రంగం కాలమే చూపిస్తుంది. ఇక్కడి కాలానికి గంటసేపు ముందుంటుంది. దాన్ని తిప్పితే చెడిపోతుందని నేను తిప్పలేదు. అందుచేత ప్రతి రైలుకూ గంట ముందు వెళ్లి కూర్చున్నాం. ఏ రైలూ తప్పలేదని దాలమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ మెచ్చుకోలేదు.

జలంత్రకోటలో మా అత్త బెల్లం పాకం పట్టబోతూ అడిగింది: "మీ ఊల్లో ఎన్నిల్లు అల్లుడా?"

ఆ లెక్క నా దగ్గర సిద్ధంగా ఉంది. కిందటి సెలవులో మా ఊరి మెట్ట మీద కూర్చుని ఇళ్ల కప్పులన్నీ లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. ఇంటికి రెండు చొప్పున నూట పదహారు అరిసెలు. దారి ఖర్చుకు ఇరవై నాలుగు. వెరసి నూట నలభై. ఆమె అన్నీ వండి రెండు తట్టల్లో పేర్చి పైన అరిటాకులు కప్పింది.

"దార్లో ఎవలడిగినా నేదనకండి. సారె మీద ఆశపడ్డోల ఉసురు తగలకూడదు," అని మరీమరీ చెప్పింది. ఆ మాటే మమ్మల్ని ముంచింది.

కావిడి మోయవలసినవాడు నా బావమరిది. అతను ముందురోజే కొబ్బరిచెట్టు దిగుతూ జారి కాలు బెణికించుకున్నాడు. కూలిమనిషిని పెడితే రానుపోను మూడు రూపాయలు. నా భుజం ఖాళీగానే ఉంది కాబట్టి నేనే ఎత్తుకున్నాను. దాలమ్మ చేతిలో అత్త ఇచ్చిన కోడిపుంజు.

సోంపేట స్టేషనుకు బండి మీద వెళ్లాం. బండివాడు దిగేటప్పుడు, "సారె కాదేటి!" అన్నాడు అంతే. వాడికి రెండు, వాడి ఇంటిదానికి రెండు ఇచ్చాం. మిగిలినవి నూట ముప్ఫై ఆరు.

మూడో తరగతి టిక్కెట్లు నౌపడకు మనిషికి ఎనిమిదణాలు. టిక్కెట్ల బాబు కావిడిని కాటా వేయించి, రెండు సేర్లు ఎక్కువుందనీ, సరుకు కింద డబ్బు కట్టమనీ అన్నాడు. నేను అక్కడే లెక్క వేశాను. రెండు సేర్లంటే పన్నెండు అరిసెలు. మనుషుల్ని కాటా వేయరు. కాబట్టి పన్నెండూ తీసి నా తలపాగాలో చుట్టుకున్నాను. బాబు కళ్లెదుటే చుట్టుకున్నా ఆయనకు అడ్డుచెప్పే రూలు కనబడలేదు. రైలొచ్చేసరికి నూనె చెవుల మీదుగా మెడలోకి దిగింది.

"పెల్లినాడు కూడా నీకింత తలంటు జరగనేదు మావా," అంది దాలమ్మ.

పెట్టెలో మా ఎదుట టెక్కలికి వెళ్తున్న మిషను బైబిలమ్మ కూర్చుంది. నెరిసిన జుట్టు, తెల్ల చీర, ఒళ్లో పుస్తకం. ఆవిడ అడగలేదు గాని తట్టల వైపు చూసింది. అత్త మాట ప్రకారం దాలమ్మ రెండు తీసిచ్చింది. ఆవిడ వాటిని ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. ముందు బియ్యం పండించినవారిని దీవించమంది. తరవాత బెల్లం వండినవారిని, నువ్వులు చల్లినవారిని, మా అత్తని, ఓడల మీద తిరిగేవారందరినీ దీవించమంది. ఓడల దగ్గరకు వచ్చేసరికి పక్కనున్న పసిపిల్ల ఒక అరిసె అందుకుని తినేసింది. ఆవిడ ఆమెన్ అని కళ్లు తెరిచి ఒళ్లో చూసుకుంది.

"ఏటమ్మా, రెండు కదా ఇచ్చినావు?"

"రెండేనమ్మా. దేవుడొకటి తీసుకున్నాడేమో," అంది దాలమ్మ.

"ఆయనకి అరిసెలెందుకే! నాకే ఇంకోటియ్యి," అందావిడ నవ్వుతూ.

ఆ నవ్వుకు పెట్టె అంతా లేచింది. మందసా రోడ్డు స్టేషను వచ్చేసరికి ఆవిడవి మూడూ, మిగతావారివి తొమ్మిదీ, మొత్తం పన్నెండు తరిగాయి.

పలాసలో రైలు చాలాసేపు ఆగింది. నీళ్లకని దిగుతుంటే ఎడమకాలి చెప్పు పట్టాల మీదికి జారింది. వంగి చూశాను. వంగేటప్పుడు తలపాగా సంగతి మరిచాను. అది ఊడి పడి, పన్నెండు అరిసెలూ కంకర మీద దొర్లాయి. పలాస కాకులకు ఎవరు కబురు పెట్టారో తెలియదు, నేను లేచి నిలబడేసరికి అరిసెలు లేవు. జీడిపప్పు అమ్ముకునే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, నెత్తి మీద వంటిల్లెట్టుకుని తిరుగుతన్నావేటి?" అంది. నూట పన్నెండు.

నౌపడలో మధ్యాహ్నం దిగాం. ఉప్పు కుప్పలు ఎండకు కళ్లు తెరవనివ్వలేదు. టెక్కలికి ఇక్కడ చిన్నబండికి, అంటే పరలాకిమిడి దాకా పోయే సన్నపట్టాల రైలుకు, మారాలి. ఉప్పు కూలీలు నలుగురు మా కావిడి చూసి, "సారెకి భుజమిత్తే మంచిది బావా," అంటూ వరసగా తలో పది అడుగులూ మోశారు. చిన్నబండి నలభై అడుగుల దూరంలోనే ఉంది. తలా ఒకటి. నూట ఎనిమిది.

చిన్నబండి టిక్కెట్టు ఒకటిన్నర అణా. తొందర లేనివారికి ఇంతకంటే మంచి బండి లేదు. ఒక పెద్దమనిషి చుట్ట పడిపోతే దిగి, తెచ్చుకుని, వెలిగించుకుని మళ్లీ ఎక్కాడు. టెక్కలిలో దిగి నేను తట్టలు లెక్క చూసుకుంటుండగా బండి కదిలింది. కిటికీలోంచి మా పుంజు తల కనబడింది.

"మావా! పుంజు! పుంజు పరలాకిమిడెల్లిపోతంది!" అని దాలమ్మ అరిచింది.

పరిగెత్తితే అందే బండే. కాని భుజాన కావిడి, కాలికి ఒకటే చెప్పు.

రాత్రికి సత్రంలో పడుకున్నాం. భోజనం మనిషికి రెండణాలు, పప్పుచారు బాగుంది. సత్రం మనిషికి రెండు అరిసెలు. మిగిలినవి నూట ఆరు. నా లెక్కకు పది తక్కువ. అంటే అయిదు గడపలు తప్పుతాయి. దాలమ్మకు చెప్పలేదు. మా వంతూ, మా పెద్దమ్మ వంతూ మానుకుని, ఎవరైనా ఊళ్లో లేకపోతే సరిపోతుందేమోనని తెల్లారేదాకా మనుషుల్ని ఊళ్లు పంపిస్తూ పడుకున్నాను.

పొద్దున్నే రెండు కోసులు నడిచి ఊళ్లో అడుగుపెట్టాం. నా భుజాన కావిడి చూసి ఊరు ఊరంతా బయటికొచ్చింది.

"ఓలమ్మో, పెల్లికొడుకే పెల్లాం సారె మోసుకొచ్చీసినాడు!"

"పద్దెనిమిదేల్లు నడిసినాడేటే పాపం, సెప్పొకటి అరిగిపోనాది!"

దాలమ్మ తలనిండా చెంగు కప్పుకుని మొదటి గడప దగ్గర రెండు అరిసెలు పెట్టింది. ఆ ఇంటి పెద్దకోడలు తీసుకుంది. వెనకే చిన్నకోడలు చేయి చాచింది.

"ఇంటికి రెండు కదా," అన్నాను నేను.

మా పెద్దమ్మ నా వైపు జాలిగా చూసింది. ఆవిడ మా నాన్నగారి వదిన, ఊళ్లో మాకు మిగిలిన పెద్ద దిక్కు. "ఇంటికేటిరా? పొయ్యికి రెండు. ఈల్లు వేరుపడి నాలుగేల్లైనాది. నువ్వు కప్పులెక్కి లెక్కెట్టినావేటి?"

ఒక కప్పు కింద రెండు పొయ్యిలు, కొన్నిచోట్ల మూడు. నేను ఊరంతా తిరిగి లెక్కపెట్టాను. డెబ్బై మూడు అనుకున్నాను. కాని పొయ్యికి రెండన్న మాట నాకంటే ముందు నడుస్తోంది. నేను ఇటు తిరిగేలోగా అటు అరుగు మీద మూడు రాళ్లు పెట్టి గడ్డి అంటించేశారు. "ఇది మా పొయ్యేనండి," అంది ఒకావిడ, దగ్గుతూ. "బూడిదేదీ?" అన్నాను. "ఇంకాసేపుండండి, వత్తాది," అంది. పెద్దమ్మ తీర్పు చెప్పి పొగ వచ్చినవన్నీ ఒప్పుకుంది. డెబ్బై ఏడు.

ఒక్కొక్కటి పంచుదామన్నాను. "ఒంటి అరిసె సచ్చినోల దినానికిత్తారు," అంది పెద్దమ్మ. సగాలు చేద్దామన్నాను. ఆవిడ తట్టలు నా చేతికందని దూరానికి జరిపింది.

యాభై మూడు పొయ్యిల దగ్గర తట్టలు ఖాళీ అయ్యాయి. ఇరవై నాలుగు పొయ్యిలు మిగిలాయి. దాలమ్మ మా ఇంటి అరుగు మీద ఖాళీ తట్టలు ముందు పెట్టుకుని కూర్చుంది. నేను రంగంలో ఒంటరిగా అన్నం వండుకోవడానికి మనిషికి ఎన్ని గిద్దలు పడతాయో లెక్క వేసుకుంటున్నాను.

అప్పుడు ఆ ఇరవై నాలుగు పొయ్యిలవాళ్లూ వచ్చారు.

"ఏటే, మా అరిసెలేయి?"

"నా వాకిట్లోకి నువ్వే వచ్చియ్యాల. ఆ లెక్కలోడితో పంపితే ఒప్పుకోను."

"మా కోడలికి నెలలు. పురుడొచ్చేలోగా తెచ్చీ. ఎప్పుడొత్తావో సెప్పు."

"ఏల్లతరబడి సారె నేని కోడలన్నాం. ఇప్పుడు బాకీలున్న కోడలైనాది!" అని పెద్దమ్మ పకపకా నవ్వింది. దాలమ్మ ఒక్కొక్కరి పేరూ అడిగి, ఏ వీధో, ఏ వైపు పొయ్యో చెప్పించుకుంది.

తిరుగుదారిలో చిన్నబండి నౌపడకు పాకుతుంటే నేనే ధైర్యం చేసి అన్నాను: "ఇరవై నాలుగు గడపలు తప్పాయి. మరి నువ్వు రంగంలో ఉండిపోతావా?"

"ఎందుకుంటాను? ఇరవై నాలుగు గడపలోలు ఎప్పుడొత్తావే అనడిగినారు మావా. ఇన్నేల్లలో ఆ ఊల్లో నన్నెవలైనా అలగ అడిగినారేటి?"

"మిగతా యాభై మూడూ?"

"అయ్యి తినీసినాయి కదా. ఇంకేటడుగుతాయి!"

బారువలో ఓడెక్కేదాకా ఆమె ఆ ఇరవై నాలుగు పేర్లూ పాటలా చెప్పుకుంటూనే ఉంది. మొత్తం మీద ఈ దారి మంచిది, మనుషులు మంచివారు, తిండికి లోటు లేదు. మన దగ్గర తిండి ఉంటే వాళ్లకూ లోటుండదు.

ఆ వచ్చే మాఘంలో కాపురం ఎత్తేసి ఊరు చేరాం. బాకీ ఇంట్లోనే వండి తీర్చేద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. సారె పుట్టింటి పొయ్యి మీద ఉడికి, దారమ్మట రావాలట. అత్త పెద్దదైపోయింది, ఇప్పుడు ఒక చిన్న తట్టకు మించి వండలేదు. అందులో సగం దారి తినేస్తుంది. మూడుసార్లు తెచ్చి ముప్ఫై అరిసెలు తీర్చాం. నలభై ఎనిమిదిలో ముప్ఫై పోతే పద్దెనిమిది. ఈలోగా ఊళ్లో అన్నదమ్ములు వేరుపడి కొత్తగా పంతొమ్మిది పొయ్యిలు లేచాయి, వాటికి ముప్ఫై ఎనిమిది. దాలమ్మకు తొందరేమీ లేదు. నేటికి బాకీ యాభై ఆరు అరిసెలు.