సాంచాల చప్పుడులో ఏడుపు

నా చిన్నప్పుడు మా వాడకు నిశ్శబ్దం తెలిసేది కరెంటు పోయినప్పుడే. కరీంనగర్ అవతల మా నేతవాళ్ల ఊళ్లో ఇంటింటా సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంతా దడదడలాడేవి. ఎవరేమన్నారో పెదవులు చూసి తెలుసుకోవాల్సిందే. మా పిల్లలందరికీ ఆ విద్య ఉగ్గుపాలతో వచ్చింది.

ఆ చప్పుడులోనే మా అవ్వకు, అంటే మా అమ్మకు, పసిబిడ్డ ఏడుపు వినిపించడం మొదలైంది. పాలు తాగే నా తమ్ముడు జ్వరమొచ్చి పోయాడు. మా దగ్గర ఎవరైనా పోతే ఆడవాళ్లు గుణగణాలు తలుచుకుంటూ శోకం తీస్తారు. పాలబిడ్డకు శోకం తీస్తే వాడి ప్రాణం ఇల్లు వదలదని మా నాయనమ్మ అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టింది. అప్పటినుంచి అవ్వ నడుస్తున్న సాంచను ఆపి, చెవి రిక్కించి, పాలు చేపి తడిసిన రైకతో అలాగే నిలబడేది. నాకు భయమేసేది.

గాలి సోకిందన్నారు. అమావాస్యకు భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవడానికి మా నాన్న, బాపు, ఒప్పుకున్నాడు. ఆయన వేపమండలతో కొట్టి దించుతాడని పేరు. అక్కడికి పోయొచ్చిన మా వాడ ఆమె ఒకతె మళ్లీ నోరు విప్పలేదు. మా అవ్వా అలాగే అయిపోతుందని నేను ఆమె కొంగు వదలకుండా తిరిగాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగిన ఆ నిశ్శబ్దంలో, మిషన్ చర్చి వైపు నుంచి ఆడగొంతులు సన్నగా లేచాయి. మన మాటలు కావు, మన రాగమూ కాదు. ఆదివారమూ కాదు. నీకూ వినిపిస్తోందా అని అవ్వ పెదవులతోనే అడిగింది. నేను తలూపాను. నా చెయ్యి పట్టుకుని అటే నడిచింది.

తలుపు తోస్తే లోపల పక్కింటి పెద్దమ్మ. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. ఒకప్పటి మిషన్ దొరసాని వదిలిపోయిన, చేత్తో తిప్పే గ్రామఫోను మీద నల్లటి రికార్డు గరగరమంటూ తిరుగుతోంది. ఖాళీ బెంచీల మధ్య ఒక గొంతు వెనక ఇంకో గొంతు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పైకి పోతున్నాయి. పెద్దమ్మ చెప్పింది, ఎన్నో తరాల కింద దూరదేశంలో చర్చిలో పాడటానికి కట్టిన పాటట. సిలువ కింద నిలబడిన తల్లి దుఃఖమట. పాడినవాళ్లూ ఏనాడో పోయి ఉంటారట. పోయినవాళ్ల ఏడుపు వింటున్నానని నేను అవ్వ వెనక నక్కాను.

అవ్వ తన సంగతి చెప్పుకుంది. అదంతా భ్రమ అని పెద్దమ్మ అనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఏడ వినవడ్తుందో నాక్కూడ చెప్పు చెల్లె. ఇద్దరం ఇందాం," అన్నది.

అప్పుడు అవ్వ శోకం ఎత్తుకుంది. తమ్ముడి పిడికిళ్లు, వాడి బోసినవ్వు, అన్నీ తలుచుకుంది. పాట అయిపోయి ముల్లు ఊరికే గీసుకుంటున్నా ఆపలేదు. ఆమె శోకాన్ని ఇంకో గొంతు అందుకుంది. పెద్దమ్మదే అయి ఉండాలి. కానీ పెద్దమ్మ పెదవులు కదలలేదు.

కరెంటు వచ్చింది. దూరంగా సాంచాలు మొదలయ్యాయి. అవ్వ చాలాసేపు విన్నది.

"పిలగాడు ఏడుస్తలేడక్కా. మన శోకం ఇంటుండు," అన్నది.

ఆ తర్వాత అవ్వ సాంచ నడుమన ఆపలేదు. అమావాస్య వచ్చింది, పోయింది. ఆమెను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు.

ఇప్పుడు నా మనవరాలు గోడ అవతల ఎవరో పిలుస్తున్నారని పరుగెత్తుకొస్తే, ఏమీ లేదు పొమ్మని అనలేను. పక్కన కూర్చోబెట్టుకుని నేనూ చెవి పెడతాను. అలా విన్నప్పుడల్లా, ముందు దాని పెదవులు కదులుతున్నాయేమో చూస్తాను.